కోరంగి: ఉప్పెన ముంచిందా, ఇసుక పూడ్చిందా?

క్లుప్తంగా: కాకినాడకు దక్షిణాన ఉన్న కోరంగి ఒకప్పుడు తూర్పు తీరంలో పేరున్న ఓడల రేవు. 1839 ఉప్పెనలో అక్కడ 3 లక్షల మంది చనిపోయారని, ఊరు ఆ ఒక్క రాత్రితో అంతమైందని ఒక మాట ప్రచారంలో ఉంది. ఆనాటి జనాభా లెక్కల పక్కన పెడితే ఆ అంకె నిలవదు. ఉప్పెనలు రేవును దెబ్బ మీద దెబ్బ కొట్టిన మాట నిజం. కానీ రేవును మూసేసింది గోదావరి మేట, ఓడల సైజు పెరగడం, సరుకు కాకినాడ దారి పట్టడం. జనం కథ వేరే దారిలో నడిచింది. రేవు చిన్నబోతున్న రోజుల్లోనే దాని పేరు సముద్రం దాటి బర్మాలో, మారిషస్‌లో తెలుగువాళ్లందరికీ గుర్తుగా మారింది.

జాబితాలో ఒక గోదావరి ఊరు

నవంబరులో బంగాళాఖాతంలో తుపాను పుట్టినప్పుడల్లా ఒక జాబితా ఫోన్లలో తిరుగుతుంది. ప్రపంచంలో అతి ఎక్కువ ప్రాణాలు తీసిన తుపాన్ల జాబితా అది. అందులో పైవరసలో, 1970లో తూర్పు పాకిస్తాన్‌ను ముంచిన భోలా తుపానుకు కాస్త అటూ ఇటూగా, ఒక గోదావరి ఊరి పేరు ఉంటుంది: కోరంగి, 1839, మృతులు 3 లక్షలు.

ఆ ఊరు ఇప్పుడు కాకినాడ జిల్లా తాళ్ళరేవు మండలంలో ఉంది. కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డు మీద బస్సులో అరగంట ప్రయాణం. దిగితే మడ అడవికి దారి చూపే బోర్డు కనిపిస్తుంది, ఆటోలు కనిపిస్తాయి, రొయ్యల చెరువులు కనిపిస్తాయి. రేవు కనిపించదు. సముద్రం కూడా కనిపించదు, అది మడ అడవికి అవతల దూరంగా ఉంది.

అందుకే జాబితా చూసినవారికి రెండు సందేహాలు వస్తాయి. ఇంత చిన్న ఊళ్లో 3 లక్షల మంది ఎలా ఉన్నారు? అంత పెద్ద పట్నమే అయితే దాని ఆనవాళ్లు ఏమయ్యాయి? ఈ రెండింటికీ జవాబు వెతకాలంటే ముందుగా అక్కడ రేవు ఎందుకు వెలిసిందో చూడాలి.

తిన్నని తీరంలో ఒక మూల

కోరమాండల్ తీరం, అంటే బంగాళాఖాతం వైపున్న మన తూర్పు తీరం, పటంలో చూస్తే గీత గీసినట్టు ఉంటుంది. ఓడ వచ్చి నీడపట్టున నిలవడానికి కావలసిన మూలలు, ముడతలు ఆ తీరానికి చాలా తక్కువ. మద్రాసు అంత పెద్ద పట్నమైనా 19వ శతాబ్దం చివరిదాకా దానికి సరైన హార్బరు లేదు. ఓడలు నడిసముద్రంలో లంగరు వేసేవి. సరుకు, మనుషులు మసూలా పడవల్లో అలలు దాటి ఒడ్డుకు చేరాలి. గాలి తిరిగితే ఓడ లంగరు తెంచుకుని లోతు నీళ్లలోకి పారిపోవాల్సిందే.

అలాంటి తీరంలో గోదావరి ఒక మినహాయింపును తయారుచేసింది. ధవళేశ్వరం దగ్గర చీలిన గౌతమి తూర్పుకు వచ్చి, తను తెచ్చిన మట్టితో నేలను సముద్రంలోకి ముక్కులా పొడిగించింది. ఆ ముక్కుకు ఉత్తరాన పడిన వంపే కాకినాడ అఖాతం. నైరుతి గాలి ఎంత జోరుగా వీచినా ఆ వంపులో నీళ్లు కొంత నెమ్మదిగా ఉంటాయి. గౌతమి నుంచి చీలిన ఒక పాయ ఆ వంపులోకే దిగుతుంది. ఆ పాయ ఒడ్డున ఉన్నదే కోరంగి. గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసే చోట్ల మునిగే సప్తసాగర యాత్ర చేసేవారు, చొల్లంగిలో తుల్యభాగ పాయ స్నానం అయ్యాక ఇక్కడికి వచ్చి మునిగేది ఈ పాయలోనే. వారి లెక్కలో ఇది ఆత్రేయ.

హుగ్లీ మొగకూ శ్రీలంకలోని ట్రింకోమలీకీ మధ్య, గాలుల కాలంలో పెద్ద ఓడ వచ్చి తలదాచుకుని మరమ్మతు చేయించుకోగల చోట్లు దాదాపు లేవు. కోరంగికి విలువ వచ్చింది అక్కడే.

మరమ్మతుకు కావలసినవన్నీ చుట్టుపక్కలే దొరికేవి. కలప గోదావరి మీద తెప్పలుగా వచ్చేది, బర్మా టేకు సముద్రం మీద వచ్చేది. కొబ్బరి పీచు, తాళ్లు కోనసీమవి. వడ్రంగులు, కమ్మరులు, చెక్కల సందుల్లో పీచు కుక్కి నీరు కారకుండా చేసే పనివారు ఊళ్లోనే ఉండేవారు. పాయ అడుగు మెత్తటి బురద కాబట్టి చెక్క ఓడ దాని మీద కూర్చున్నా అడుగు పగలదు. పోటు వచ్చినప్పుడు ఓడను ఒడ్డున తవ్విన గోతిలోకి తేల్చుకుంటూ తెచ్చి, వెనక మట్టికట్ట కట్టి, నీళ్లు తోడేస్తే అదే డాకు. పని అయ్యాక కట్ట తెగ్గొడితే ఓడ మళ్లీ తేలుతుంది. రాతికట్టడం అక్కర్లేని ఈ పద్ధతి ఇక్కడి మట్టికి, పోటుపాట్లకు సరిగ్గా సరిపోయింది. 1802లో ఎబెనేజర్ రోబక్ అనే ఇంగ్లీషువాడు ఇక్కడ పెద్ద ఓడలకు సరిపోయే డాకు కట్టాడు. పొరుగున ఉన్న తాళ్ళరేవు కూడా ఓడల పనికి పేరు తెచ్చుకుంది. ఊరి పేరులోనే రేవు ఉంది.

చుట్టూ ఉన్న వ్యాపారమూ చిన్నది కాదు. 18వ శతాబ్దంలో కొద్ది కిలోమీటర్ల లోపల ఇంజరంలో ఇంగ్లీషు కంపెనీ కోఠీ (వర్తక కేంద్రం), యానాంలో ఫ్రెంచివారు, కాకినాడలోని జగన్నాథపురంలో డచ్చివారు ఉండేవారు. అందరికీ కావలసింది ఒకటే: ఇక్కడి సాలెల మగ్గాల మీద నేసిన సన్నని బట్ట.

రేవు ఊరి జనాభాను మామూలు ఊరి జనాభాలా లెక్కపెట్టలేం. ఓడలు ఆగిన నెలల్లో కళాసీలు, సరంగులు, పడవవాళ్లు, కూలీలు, దళారులు నిండుతారు. ఓడలు పోతే వారూ పోతారు. కోరంగి కాలాన్ని బట్టి పెరిగి తరిగే ఊరు. ఆ సంగతి గుర్తుంచుకుంటేనే తర్వాతి లెక్కలు అర్థమవుతాయి.

ఒక ఉప్పెన కాదు, వరస

కోరంగి గురించి చెప్పే కథల్లో తరచూ జరిగే పొరపాటు, వేర్వేరు ఉప్పెనలను ఒకటిగా కలిపేయడం. రికార్డుల్లో కనిపించేవి కనీసం నాలుగు.

1787 మేలో ఇంజరం, కోరంగి ప్రాంతాన్ని సముద్రం ముంచెత్తినట్టు అక్కడి కంపెనీ ఉద్యోగి రాసిన ఉత్తరం ఉంది. 1789 డిసెంబరు ఉప్పెన గురించి చెప్పే వర్ణన ఇంకా ప్రసిద్ధం: కొద్ది వ్యవధిలో మూడు పెద్ద కెరటాలు వచ్చాయని, మొదటిది లంగరు వేసిన ఓడలను ఒడ్డుకు తోసిందని, తర్వాతివి ఊరిని ముంచాయని, సుమారు 20,000 మంది పోయారని, నీరు వెనక్కి తీశాక ఇసుక దిబ్బలు మిగిలాయని. 1832లో మరొకటి. 1839 నవంబరు 25న మరొకటి. జాబితాలో ఉన్నది ఈ చివరిది.

1789 కథను తర్వాతి తరానికి అందించినవారిలో ముఖ్యుడు కలకత్తాలో పనిచేసిన హెన్రీ పిడింగ్టన్. సుడి తిరిగే తుపానుకు సైక్లోన్ అన్న పేరు పెట్టింది ఆయనే. పాము చుట్ట అని అర్థమిచ్చే గ్రీకు మాట నుంచి ఆ పేరు తీసుకుని, 1848లో అచ్చయిన నావికుల పుస్తకంలో దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఈ రోజు ప్రపంచమంతా వాడే ఆ మాట వెనక ఉన్న పరిశీలనల్లో బంగాళాఖాతం తుపానులే ఎక్కువ. వాటిలో కోరంగి కూడా ఉంది.

1839 ఉప్పెన గురించి మూడు అంకెలు కలిసి తిరుగుతాయి: 40 అడుగుల ఎత్తు నీరు, 20,000 ఓడలు ధ్వంసం, 3 లక్షల మంది మృతి. మూడింటినీ ఒక్కొక్కటిగా పరీక్షించాలి.

మూడు లక్షల లెక్క నిలుస్తుందా?

ముందు ఓడలు. 20,000 ఓడలు ఒకేసారి పట్టే రేవు ఆ రోజుల్లో ఎక్కడా లేదు. గోదావరి, కృష్ణ డెల్టాల్లోని ప్రతి చేపల పడవను, ప్రతి దోనెను కలుపుకున్నా అంత పెద్ద అంకె రావడం కష్టం. పైగా 20,000 అన్న అంకె 1789 కథలో మనుషుల లెక్కగా, 1839 కథలో ఓడల లెక్కగా కనిపిస్తుంది. రెండు కథలు నోటి నుంచి నోటికి, పుస్తకం నుంచి పుస్తకానికి పోతూ కలిసిపోయి ఉంటాయన్న అనుమానం బలంగానే కలుగుతుంది.

తర్వాత ఎత్తు. ఉప్పెన ఎంత లేస్తుందన్నది గాలి వేగం మీదే ఆధారపడదు. తీరం దగ్గర సముద్రం అడుగు ఎలా ఉందన్నది అంతే ముఖ్యం. అడుగు చాలా దూరం వరకూ లోతు తక్కువగా ఉంటే గాలి తోసిన నీటికి కిందికి పోయే దారి ఉండదు, అది పైకి లేస్తుంది. బంగాళాఖాతం ఉత్తర కొసన, గంగా మొగల దగ్గర పరిస్థితి అదే. పైగా అక్కడ తీరం గరాటులా ముడుచుకుంటుంది. గోదావరి మొగ దగ్గర అలా కాదు. తీరం నుంచి కొద్ది దూరంలోనే సముద్రం లోతుగా దిగిపోతుంది. ఇక్కడ భయంకరమైన ఉప్పెన రాదని దీని అర్థం కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన 5 మీటర్లకు పైగా లేచిందని అంచనా. ఆ అనుభవంతో పోల్చి చూస్తే 40 అడుగులు, అంటే 12 మీటర్లు, నమ్మడానికి చాలా ఎక్కువ.

ఇక మనుషులు. అప్పటి కోరంగి రాజమండ్రి జిల్లాలో భాగం. గోదావరి జిల్లా ఏర్పడింది 1859లో. దేశమంతటా జనాభా లెక్కలు మొదలైంది 1870ల్లో కాబట్టి, అంతకు ముందువి కరణాలు రాసిన ఊరి లెక్కల కూడికలే. వాటిని అక్షరాలా నమ్మలేం. కానీ పెద్ద కొలతకు పనికొస్తాయి. 1821లో రాజమండ్రి జిల్లా జనాభా 7 లక్షలు దాటింది. 1840 ప్రాంతానికి అది 6 లక్షల లోపుకు పడిపోయింది. అంటే ఇరవై ఏళ్లలో, అన్ని కారణాలూ కలిపినా, తగ్గింది మహా అయితే 2 లక్షలకు అటూ ఇటూ. ఒక్క రాత్రిలో ఒక్క రేవు చుట్టూ 3 లక్షల మంది పోయారంటే జిల్లాలో సగం మంది పోయినట్టు. అలా జరిగి ఉంటే మిగిలిన జిల్లా కోలుకుని పన్ను కట్టే స్థితిలో ఉండదు, ఆ సంగతి రెవెన్యూ రికార్డుల్లో ప్రతి పేజీలో కనిపించాలి.

నిజానికి ఆ ఇరవై ఏళ్ల నష్టానికి కారణాలు తెలుసు. 1832–33లో నందన కరువు వచ్చింది. దక్షిణాన గుంటూరు జిల్లాలో సుమారు 5 లక్షల జనంలో లక్షన్నర నుంచి 2 లక్షల మంది ఆ కరువుకు బలయ్యారు. రాజమండ్రి జిల్లానూ అది వదల్లేదు. అదే సమయంలో ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లు బట్ట ముందు ఇక్కడి మగ్గం నిలబడలేకపోయింది, కంపెనీ బట్టల కొనుగోలు ఆగిపోయింది. పని లేని సాలె కుటుంబాలు ఊళ్లు వదిలాయి. వరదలు ఒక ఏడాది, వర్షాలు లేక ఎండిపోవడం మరో ఏడాది. 1844లో కంపెనీ అధికారి హెన్రీ మాంట్‌గోమరీ జిల్లా పరిస్థితి మీద ఇచ్చిన నివేదిక ఈ క్షీణతనే ఎత్తిచూపింది. గోదావరి మీద ఆనకట్ట కట్టాలన్న ఆలోచన ముందుకు కదలడానికి అది ఒక కారణం.

పోల్చడానికి మరో లెక్క ఉంది. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెన కోరంగి కంటే ఎంతో పెద్ద పట్నాన్ని, చుట్టూ ఉన్న పల్లెలను రాత్రిపూట కొట్టింది. అప్పటికి ప్రభుత్వ యంత్రాంగం ఊరూరా లెక్క తీయగలిగే స్థితిలో ఉంది. ఆ లెక్క సుమారు 30,000. 1977లో దివిసీమలో అధికారిక లెక్క 10,000 దగ్గర, అనధికార అంచనాలు అంతకంటే ఎక్కువ. తెలుగు తీరంలో ఒక ఉప్పెన ఏ స్థాయిలో ప్రాణాలు తీస్తుందో ఈ రెండూ చెబుతాయి. 1839 మృతుల సంఖ్య కూడా వేలల్లో, మహా అయితే కొన్ని పదుల వేలల్లో ఉండి ఉంటుందని అనుకోవడమే సబబు.

అంకె తగ్గించినంత మాత్రాన విషాదం చిన్నదైపోదు. ఉప్పెన వెనక్కి తీశాక కూడా చంపుతుంది. చెరువులు, బావులు ఉప్పుబడితే తాగడానికి నీళ్లుండవు. చేలలో ఉప్పు దిగితే రెండు మూడు పంటలు పోతాయి. పశువులు పోతే దున్నే దిక్కు ఉండదు. ఇలాంటి చావులు ఏ ఉప్పెన లెక్కలోనూ సరిగా ఎక్కవు. కోరంగి మృతుల మీద గౌరవం ఉన్నవారు చేయాల్సింది పెద్ద అంకెను పట్టుకుని ఉండటం కాదు. వారు ఎలా పోయారో, మిగిలినవారు ఎందుకు ఊరు వదిలారో సరిగ్గా తెలుసుకోవాలి.

రేవును మూసింది ఎవరు?

1789 తర్వాత రేవు మూతపడలేదు. డాకు కట్టిన ఏడాదే అందుకు రుజువు: 1802, అంటే ఆ ఉప్పెనకు 13 ఏళ్ల తర్వాత. ఉప్పెన ఇళ్లను, ఓడలను పోగొడుతుంది. కానీ పాయలో లోతు, అఖాతంలో నీడ ఉన్నంతకాలం ఓడలు మళ్లీ వస్తాయి, వాటి వెంట జనం వస్తారు. రేవు చావాలంటే లోతు పోవాలి.

లోతును తీసేసింది రేవును ఇచ్చిన గోదావరే. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి సుమారు 1,465 కిలోమీటర్లు నడిచే ఈ నది 3 లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న నేల మీది మట్టిని మోసుకొస్తుంది. మొగ దగ్గరికి రాగానే ప్రవాహం మందగిస్తుంది. బరువైన ఇసుక ముందు దిగుతుంది. సన్నని బంకమట్టి ఉప్పునీరు తగలగానే గడ్డలు గడ్డలుగా కూడి అడుగుకు చేరుతుంది. అలా మొగకు అడ్డంగా ఒక తిన్నె లేస్తుంది. పోటులో దాని మీద నీరుంటుంది, పాటులో చిన్న పడవకు కూడా చాలదు. ఉప్పెన వచ్చినప్పుడు ఈ మేట పని ఒక్కసారిగా పెరుగుతుంది, 1789 కథలో వినిపించే ఇసుక దిబ్బలు అవే. ఉప్పెనకు, మేటకు సంబంధం ఉన్నది ఇక్కడ.

దీనికి తోడు గోదావరి తెచ్చిన ఇసుకను నైరుతి గాలుల కాలపు కెరటాలు, నీటివాలు ఉత్తరానికి నడిపిస్తాయి. అలా నడిచిన ఇసుక అఖాతానికి ముందు ఒక పొడవైన నాలుకలా పెరిగింది. అదే హోప్ ఐలాండ్. ఇప్పుడు దాని పొడవు సుమారు 16 కిలోమీటర్లు. అది చాలావరకు గత రెండు శతాబ్దాల్లో తయారైన నేల. అంటే కోరంగి వెలిగిన రోజుల్లో అక్కడ అధిక భాగం సముద్రం. నాలుక పెరిగేకొద్దీ దాని వెనక నీరు మరింత నిమ్మళించింది. నిమ్మళించిన నీటిలో బురద మరింత దిగింది, బురద మీద మడ మొలిచింది. కోరంగి రోజురోజుకూ సముద్రానికి దూరమైంది.

మేట పడుతున్న సమయంలోనే ఓడలు పెరిగాయి. 1800 ప్రాంతపు చెక్క ఓడ తక్కువ నీటిలో తేలేది. 19వ శతాబ్దం నడిమికి ఇనుప ఓడలు, ఆవిరి ఓడలు వచ్చాయి. వాటికి లోతు కావాలి, బురద డాకు వాటికి పనికిరాదు. చెక్క ఓడకు వరమైన మెత్తటి పాయ ఇనుప ఓడకు ఉచ్చు అయింది. అవి కాకినాడకు ఎదురుగా కొన్ని మైళ్ల దూరంలో లంగరు వేసి, సరుకును చిన్న నావల్లోకి దించడం మొదలుపెట్టాయి.

మూడోది కాలువ. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. దాని తూర్పు కాలువలు పొలాలకు నీళ్లివ్వడంతోపాటు పడవల రోడ్లుగా పనిచేశాయి. కోరంగి పేరుతోనూ ఒక కాలువ ఉంది. అయినా సరుకు ప్రధానంగా చేరింది కాకినాడకే. 1861–65 మధ్య అమెరికా అంతర్యుద్ధం వల్ల ఇంగ్లండు మిల్లులకు పత్తి కరువై, ఇక్కడి పత్తికి గిరాకీ వచ్చినప్పుడు ఆ లాభం అందుకున్నదీ కాకినాడే. 1866లో అది మున్సిపాలిటీ అయింది. 1890ల్లో రైలు సామర్లకోట మీదుగా వచ్చి కాకినాడకు కలిసింది. కోరంగికి రైలు రాలేదు. 1901 జనాభా లెక్కల్లో కాకినాడ 48,096. అప్పటికి కోరంగిని గెజిటీర్లు (ప్రభుత్వం అచ్చువేసిన ప్రాంతాల వివరాల పుస్తకాలు) ఒకప్పటి రేవుగా, అంటే గతించిన సంగతిగా రాస్తున్నాయి. 2011లో కాకినాడ 3 లక్షలు దాటింది. 1839 కథలో కోరంగికి అంటగట్టిన మృతుల సంఖ్య నేటి కాకినాడ నగర జనాభాకు దగ్గర దగ్గరగా ఉంది. ఆ అంకె ఎంత అతిగా ఉందో చెప్పడానికి ఇంతకంటే తేలికైన పోలిక దొరకదు.

పక్కనే యానాం

మేట, తుపాను మాత్రమే ఊరి తలరాత రాస్తాయని అనుకుంటే పొరుగున ఉన్న యానాం అడ్డు వస్తుంది. అదే గౌతమి ఒడ్డు, అవే ఉప్పెనలు, అదే పూడిక. పెద్ద ఓడలు దానికీ రాకుండా పోయాయి. కానీ 2011 లెక్కల్లో యానాం జనాభా 55,626. అంతకు పదేళ్ల ముందు 31,394.

తేడా తెచ్చింది సరిహద్దు. 1720ల్లో ఫ్రెంచివారు అడుగుపెట్టిన యానాం 1954 దాకా వారి చేతిలో ఉంది, ఆ తర్వాత పుదుచ్చేరిలో భాగంగా మిగిలింది. సుమారు 30 చదరపు కిలోమీటర్ల చోటుకు సొంత పాలన, సొంత పన్నులు, సొంత బడ్జెట్. చట్టం మారే గీత పక్కన ఉన్న ఊరికి ఆ గీతే జీవనాధారమవుతుంది. బ్రిటిష్ ఇండియాలో 1929 శారదా చట్టం బాల్యవివాహాలను నిషేధించినప్పుడు చుట్టుపక్కల జిల్లాల పెళ్లిబృందాలు యానాం వచ్చి ముహూర్తాలు పెట్టుకునేవి. ఊరికి కల్యాణపురం అన్న పేరు కూడా వచ్చింది. రేవు పోయాక యానాంకు సరిహద్దు మిగిలింది, కోరంగికి అలాంటిది ఏదీ మిగల్లేదు.

జనం ఎటు పోయారు?

కోరంగి పేరు వెతకాలంటే కోరంగిలో కంటే సముద్రానికి అవతల వెతకాలి.

ఈ తీరం నుంచి జనం కదలడం స్వేచ్ఛగా మొదలవలేదు. 18వ శతాబ్దం చివర్లో, కరువు రోజుల్లో, కోరంగి–యానాం రేవుల నుంచి మనుషులను బానిసలుగా ఫ్రెంచి దీవులకు ఎక్కించారు. 1820ల చివర్లో యానాం నుంచి హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవికి తెలుగు కూలీలను ఒప్పందం మీద పంపారు. 1834లో మారిషస్‌కు మొదలైన పెద్ద కూలీ వలసకు అది ముందు మెట్టు. మారిషస్‌లో తెలుగువారిని కొరింగీలు అన్నారు. ఎక్కిన రేవు పేరే జాతి పేరైంది. ఓడలకూ ఆ పేరు పెట్టారు. కొరింగా ప్యాకెట్ అనే ఓడ 1845లో ఆస్ట్రేలియాకు ఈశాన్యాన కోరల్ సముద్రంలో పగడపు దిబ్బల మీద చితికిపోయింది. అక్కడి చిన్న దీవులకు కొరింగా దీవులన్న పేరు అందువల్లే వచ్చింది. మనుషులు ఉండని ఆ ఇసుక దిబ్బల మీద ఇప్పటికీ ఈ గోదావరి ఊరి పేరు ఉంది.

అన్నిటికంటే పెద్ద కదలిక బర్మాకు. 1852లో రంగూన్ ఇంగ్లీషువారి చేతికి వచ్చాక అక్కడ వరి మిల్లులు, కలప డిపోలు, డాకులు పెరిగాయి. తెలుగు పల్లెల్లో దాన్ని రంగం అన్నారు. రంగం వెళ్లడమంటే డబ్బు కోసం వెళ్లడం. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి మనుషులను కుదుర్చుకునేవాడు. టికెట్టు, తిండి, మొదటి నెలల ఖర్చు అప్పుగా రాసుకుని కూలీలోంచి పట్టుకునేవాడు. కోతల కాలానికి పోయి వచ్చేవారు కొందరు, ఏళ్ల తరబడి ఉండిపోయినవారు మరికొందరు. వెళ్లినవారిలో మగవారే ఎక్కువ. 1931 లెక్కల నాటికి బర్మాలో తెలుగువారు లక్షన్నర దాటారు.

అప్పటికి ఓడ ఎక్కింది కాకినాడలోనో, విశాఖలోనో. అయినా రంగూన్‌లో తెలుగు కూలీని కొరంగీ అనే పిలిచారు. శ్రీకాకుళం మనిషైనా, గోదావరి మనిషైనా అదే పేరు. ఆ పిలుపులో చిన్నచూపు ఉండేది. 1930 మేలో రంగూన్ డాకుల్లో ఈ కూలీలు సమ్మె చేస్తే యజమానులు బర్మీయులను పనిలో పెట్టారు. సమ్మె ముగిసి పాతవారు తిరిగి వచ్చేసరికి కొత్తవారిని పొమ్మన్నారు. అక్కడ రాజుకున్న గొడవ ఊరంతా పాకి ఎందరో తెలుగు కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1942లో జపాన్ సేనలు వచ్చినప్పుడు వేలమంది కొండలు, అడవులు దాటి నడిచి వచ్చారు. 1960ల్లో సైనిక ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేశాక మరో విడత తిరిగి వచ్చింది. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేట పేరు ఆ రోజులది.

కాబట్టి కోరంగి జనాభాను ఒక ఊరి అంకెగా చూస్తే కథ సగమే తెలుస్తుంది. పని చూపించే రేవు పోతే పని నేర్చినవారు పని ఉన్న రేవుకు పోయారు. మొదట కాకినాడ, ఆపైన రంగం.

మిగిలిన నీరు, మిగిలిన నేల

పూడిన రేవు మీద పెరిగిన మడ అడవికి 1978లో అభయారణ్యం హోదా వచ్చింది. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. నల్లమడ, తెల్లమడ, ఉప్పుపొన్న, తిల్ల చెట్ల మధ్య నీటికుక్కలు, బావురుపిల్లులు తిరుగుతాయి. హోప్ ఐలాండ్ ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఒకప్పుడు ఓడలు లేక ఊరు పడిపోవడానికి కారణమైన ఈ మేట, ఈ అడవి ఇప్పుడు అఖాతానికి అడ్డుగోడలు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. కాకినాడ నగరానికి ఇంకా ఎక్కువ నష్టం జరగకపోవడానికి ఎదురుగా ఉన్న ఇసుక నాలుక, మడ అడవి కూడా కారణమని స్థానికులు నమ్ముతారు. అడ్డం పడిన దాని మీద కెరటం బలం విరుగుతుంది కాబట్టి ఆ నమ్మకంలో పస ఉంది. అందుకే మడను నరికి రొయ్యల చెరువు తవ్వడం ఒక్క చెట్టు విషయం కాదు, వెనక ఉన్న ఊళ్ల విషయం.

ఇసుక కథ మాత్రం ఇప్పుడు తలకిందులైంది. గోదావరి, దాని ఉపనదుల మీద వరసగా కట్టిన ఆనకట్టలు, జలాశయాలు మట్టిని పైనే ఆపేస్తున్నాయి. డెల్టా అంచుకు చేరే మేట తగ్గింది, చాలాచోట్ల సముద్రం నేలను కోస్తోంది. కాకినాడకు ఉత్తరాన ఉప్పాడ దగ్గర ఆ కోత కళ్లకు కనిపిస్తుంది. తీరం రోడ్డు మళ్లీ మళ్లీ కొట్టుకుపోతోంది, ఇళ్లు, గుళ్లు నీటిలో కలిశాయి. దానికి నిపుణులు చెప్పే కారణాల్లో హోప్ ఐలాండ్ ఒకటి. ఉత్తరానికి నడవాల్సిన ఇసుకను ఆ నాలుక పట్టి ఉంచుతోంది, దాని కొసను చుట్టి వచ్చే కెరటాల బలం ఉప్పాడ మీద పడుతోంది. 1997లో మొదలైన కాకినాడ డీప్ వాటర్ పోర్టు నిర్మాణాలు, తవ్వకాలు కూడా ఆ లెక్కలోకి వస్తాయి.

కోరంగి రేవుకు మేట ఎక్కువై పని పోయింది. ఉప్పాడ మత్స్యకారులకు మేట తక్కువై ఇల్లు పోతోంది. వేటకు వెళ్లే పడవను ఒకప్పుడు ఆపిన చోటు ఇప్పుడు సముద్రంలో ఉందని వారు చేయి చాపి చూపిస్తారు. పాత కోరంగిలో ఓడ ఆగిన చోటు మడ అడవి కింద, గట్టి నేలలో ఉంది.